తప్పును వాకిట్లో నిలబెట్టిన దీవెన

ముమ్మిడివరం నుంచి ఏలియా ఫోన్ చేసిన సమయానికి నేను దీవెన అప్పగించిన పనిలోనే ఉన్నాను. ఆమె రాసిన ప్రోగ్రామును పరీక్షించడానికి పంపవలసిన వాక్యాలను వరండాలో కూర్చుని సరిచూస్తున్నాను. "మేష్టారండీ, దీవెన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందండీ," అన్నాడతను. "ఏ దీవెన?" అని అడిగాను. అడిగిన మరుక్షణమే నా ప్రశ్న నా చెవికే తగిలింది. నాకు తెలిసిన దీవెన ఒక్కతే. ఏలియా ఆమె భర్త. భార్యను పోగొట్టుకున్న ఆ మనిషి నా మీద విసుక్కోకుండా, "మన దీవెనేనండీ," అని నెమ్మదిగా చెప్పాడు.

వ్యాధి ముదిరిందని మాకందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన సిద్ధపడి ఉన్నామని కాదు. వార్ధక్యంలో ఉన్న గురువును గూర్చి శిష్యురాలు నాలుగు మాటలు రాయడం లోకక్రమం. ఆ క్రమం తలకిందులై, శిష్యురాలిని గూర్చి రాయడానికి నేను కూర్చోవలసి వచ్చింది. జీవితమంతా క్రమాన్నే ఆరాధించినవాడికి ఇంతకంటే కఠినమైన శిక్ష ఉండదు. అయినా ఈ వ్యాసం రాస్తున్నప్పుడు నన్ను దహిస్తున్నది దుఃఖమొక్కటే కాదు. దుఃఖం కంటే లజ్జ పాలు ఎక్కువగా ఉంది. దాని కారణాన్ని ఆమె స్వభావం చెప్పిన తరువాతే చెప్పగలను.

దీవెన పుట్టిల్లు ముక్తేశ్వరం. తాత కొబ్బరితోటల్లో కూలి. తండ్రి చదువుకుని ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడయ్యాడు. ఆమె అమలాపురంలోని ఒక కళాశాలలో కంప్యూటరు శాస్త్రం బోధించే అధ్యాపకురాలయింది. ఉన్నత పాఠశాలలో నా దగ్గర గణితం నేర్చుకుంది. దస్తూరి కోడి గెలికినట్లుండేది. పెద్దదయిన తరువాత కూడా ఆమె బల్ల మీద కాగితాలు, కరెంటు తీగలు, సగం కొరికిన జామకాయ ఏకకాలంలో దర్శనమిచ్చేవి. నేను వెళ్ళినప్పుడల్లా సర్దబోయేవాణ్ణి. "ముట్టుకోకండి మేష్టారండీ, అది నా క్రమం," అని చేయి అడ్డుపెట్టేది. వాక్కు తీక్ష్ణం. ఓపిక స్వల్పం. చర్చి గాయక బృందంలో శ్రుతి తప్పి పాడుతుందని ఏలియా ఆమె ఎదుటే పరిహాసమాడేవాడు. "తప్పుతున్నట్టు నాకు తెలుసు. మిగతావాళ్ళకి వాళ్ళు తప్పుతున్నట్టు తెలీదు. అదీ తేడా," అనేది ఏ మాత్రం తడుముకోకుండా.

ఆమె బాల్యంలోని ఒక ఉదంతం ఇక్కడ చెప్పక తప్పదు. ఇది నేను దాచిన రహస్యమేమీ కాదు. ప్రతి సభలోనూ నన్ను పరిచయం చేస్తూ ఆమే చెప్పేది కనుక అమలాపురంలో సగం మందికి కంఠస్థం. ఆ కాలంలో బడి తనిఖీకి అధికారి వచ్చినప్పుడు ఉపాధ్యాయులం ఒక ఆచారం పాటించేవాళ్ళం. ప్రశ్న వేయగానే తరగతి యావత్తూ చేతులెత్తాలి. సమాధానం వచ్చినవాళ్ళు కుడి చేయి, రానివాళ్ళు ఎడమ చేయి. అధికారి కంటికి తరగతి అంతా సరస్వతీ నిలయంగా కనిపిస్తుంది. ఎవరిని లేపాలో మా కంటికి తెలుస్తుంది. ఒక ఏడు వచ్చిన అధికారి నాకా అవకాశం ఇవ్వలేదు. తానే వేలు చూపించి దీవెనను లేపాడు. ఆ పిల్ల నిటారుగా నిలబడి, "నాకు రాదండీ. అందుకే ఎడం చెయ్యి ఎత్తేనండీ," అంది. అధికారి రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను నల్లబల్ల వైపు తిరిగి, అప్పటికే శుభ్రంగా ఉన్న బల్లను మళ్ళీ తుడిచాను. సభలో ఈ కథ చెప్పి అందరినీ నవ్వించిన తరువాత ఆమె ఎప్పుడూ ఒకే విధంగా ముగించేది: "ఆ రోజు మా మేష్టారు నన్ను కొట్టలేదండీ. సాయంత్రం కూచోబెట్టి ఆ లెక్క నేర్పేరు."

ఆమె పేరును తెలుగు చదివే అంధులకు చేరువ చేసిన పని ఒక ప్రశ్నతో ప్రారంభమైంది. ఆ ప్రశ్న అడిగినది నాగమణి. రాజోలు సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించే అంధ ఉపాధ్యాయిని. ఎవరైనా పాఠం చదివి వినిపిస్తుంటే పలక మీద కాగితం బిగించి ఒక్కొక్క చుక్కా పొడుచుకుంటూ బ్రెయిలీలోకి దింపుకునేది. "అక్కా, పాఠం నా వేళ్ళ కింద ఉంటే పిల్లల ముందు టీచర్లా నిలబడతానండీ. లేకపోతే ఎవరో చెప్పింది ఒప్పజెప్పేదాన్లా నిలబడతాను. ఆ తేడా నాకు తెలుసు, పిల్లలకీ తెలుసు. మీ కంప్యూటరు ఏమైనా చెయ్యగలదా?" అని దీవెనను అడిగింది. దీవెన కళాశాలలో ఒక మూల పడి ఉన్న, చుక్కలు పొడిచే ప్రింటరుకు దుమ్ము దులిపింది. అచ్చు తెలుగును బ్రెయిలీ చుక్కలుగా మార్చే ప్రోగ్రాము రాయసాగింది.

అది లైబ్రరీ అని ఆమె చెప్పినప్పుడు పుస్తకాలు ఎక్కడ పెడతావని అడిగినవాణ్ణి నేనే. వారి వ్యవహారంలో లైబ్రరీ అంటే ఇతరులు తమ ప్రోగ్రాములలో నేరుగా అమర్చుకోగలిగిన పనిముట్ల సముదాయం. దానిని ఓపెన్ సోర్స్‌గా పెట్టింది. అంటే దాని అంతరంగమంతా బాహాటం. ఎవరైనా చూడవచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు, దోషం కనిపిస్తే దిద్ది పంపవచ్చు. దాని ఆలనాపాలనకు ఒక చిన్న సంఘం ఏర్పాటు చేసి, నన్నూ, సామాన్య శాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నా చిరకాల మిత్రులు రమణమూర్తి గారినీ అందులో చేర్చింది. పరీక్షకు వాక్యాలు సమకూర్చడం, వచ్చిన ఫలితాన్ని సరిచూడడం మా విధి. ఆ వయసులో మాకు మళ్ళీ ఉద్యోగం ఇచ్చిన మనిషి ఆమె.

ఆ తొలిరోజుల్లో రమణమూర్తి గారి అరుగు మీద ఒక వివాదం జరిగింది. రాసిన ముక్కలన్నిటినీ కూర్చి నడిచే రూపానికి తెచ్చే సాధనం ఒకటి కావాలి. నడిచినది సరిగా నడిచిందో లేదో నిగ్గు తేల్చే సాధనం మరొకటి కావాలి. లోకంలో ఇవి కొల్లలుగా ఉన్నాయట. దీవెన కొన్నిటిని వడపోసి మా ముందు పెట్టింది. కూర్చే సాధనాలలో ఒకటి నా మనసును ఆకర్షించింది. ప్రతి ఫైలూ దానికి నిర్దేశించిన స్థానంలోనే ఉండాలి, ప్రతి పేరూ నియమబద్ధంగా ఉండాలి, చివర చక్కని గడులతో నివేదిక ఇస్తుంది. నేను దానికే ఓటు వేశాను.

"అది మిమ్మల్ని చూసి దండం పెడుతుంది మేష్టారండీ. కొత్తవాళ్ళని చూసి తలుపేస్తుంది," అంది దీవెన.

"నియమం లేని ఇల్లు ఇల్లేనా అమ్మా?"

"నియమం ఉండాలండీ. కానీ గుమ్మం దాటి లోపలికొచ్చేకే కదండీ అది అక్కరకొచ్చేది. అసలు గుమ్మం దాటనివ్వకపోతే?"

అక్కడితో ఆగలేదు. తాను ఎంచిన సాధనాలను ఒక పాత కంప్యూటరులో పెట్టి, ఇంటర్నెట్టు నత్తనడక నడిచే ఆ ఇంట్లోనే ఏలియాను కూర్చోబెట్టింది. ఏలియా రొయ్యల చెరువుల నీళ్ళలోకి గాలి కొట్టే మరలు బాగుచేసే మెకానిక్కు. కంప్యూటరుతో అతని పరిచయం పాటలు వినడం వరకే. "ఇందులో రాసింది చూసి ఇదే నొక్కండి. అర్థం కాకపోతే నన్ను అడక్కండి. నేను లేననుకోండి," అని ఆమె వంటింట్లోకి వెళ్ళింది. మేం అరుగు మీంచి చూస్తున్నాం. నా అభిమాన సాధనం తెర నిండా ఎర్ర అక్షరాలు కక్కి మూలపడింది. మరొకటి ఏదో దిగుమతి చేసుకుంటానని కూర్చుని లేవలేదు. మూడవది, అన్నింటిలోకీ అతి సామాన్యంగా కనిపించినది, ఒక్క కమాండు కొట్టగానే ఏలియా పెరుగన్నం తినేలోగా పని ముగించింది.

"ఎలా ఉందండీ?" అని అడిగింది దీవెన.

"నాకేం తెలుస్తుందే! తెలిసిందల్లా ఒకటే. ఇది తిట్టలేదు."

"అయితే ఇదేనండీ," అని ఆమె తీర్మానించింది. రమణమూర్తి గారు నా వైపు తిరిగి, "ఏవండీ మేష్టారూ, పెరుగన్నం ముందు మీ నియమావళి ఓడిపోయిందండీ," అన్నారు. నేను నవ్వలేదు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ళు కుండను మెరుగు చూసి కొనరని, సెగ మీద పెట్టి ఒక రేకు తీసి చూశాకే కొంటారని ఆమె నన్ను ఓదార్చినట్లు చెప్పింది. "నేను లేని రోజున, నా పక్కవాళ్ళు కూడా లేని రోజున, ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి కూర్చుకోగలగాలండీ. అదొక్కటే నా కొలత," అంది. నేను లేని రోజున అన్న మాటను ఆనాడు మేమెవరమూ పట్టించుకోలేదు.

పరీక్షించే సాధనం దగ్గర మా భేదాభిప్రాయం ఇంకా తీవ్రం. ఆమె ఎంచుకున్నది మూడు పనులు చేసేది. తెలుగు అక్షరాలను ముక్కలు చేయకుండా తెర మీద చూపేది. పరీక్ష తప్పినప్పుడు ఏం చెప్పాలో మన మాటల్లోనే రాసిపెట్టుకోనిచ్చేది. మూడవది నాకు మింగుడుపడలేదు. లైబ్రరీని ప్రపంచానికి చూపే మొదటి పుట మీదే ఒక పట్టీ వేసేది. అన్ని పరీక్షలూ నెగ్గితే పచ్చ, ఒక్కటి తప్పినా ఎరుపు. మన దోషాన్ని వాకిట్లోనే నిలబెట్టి వచ్చేపోయేవాళ్ళకు చూపడం ఏం మర్యాద అని అడిగాను. తప్పును గది లోపల దిద్దాలి, బయటికి దిద్దిన ప్రతి రావాలి. నా బోధన అంతా ఆ సూత్రం మీదే నడిచింది.

దీవెన అప్పుడు పరిహాసం మానేసింది. "మేష్టారండీ, పట్టీ చూసేది మనలాంటివాళ్ళు కాదండీ. నాగమణి ఫోను ఆవిడకి ఆ పట్టీ చదివి వినిపిస్తుంది. ఎరుపని వింటే ఏ పేజీ నమ్మకూడదో చూసుకుంటుంది. మనం కళ్ళున్నవాళ్ళకి కనబడకుండా తప్పు దాచగలం. ఆవిడ వేలికి తగలకుండా దాచగలమా?"

ఆ సాధనమే ఖాయమైంది. అందులో ఇంకొక సౌకర్యం కూడా ఉంది. ఒక పరీక్షను తాత్కాలికంగా పక్కన పెట్టమని ఒక మాట రాస్తే, దానిని విడిచి తక్కినవాటితో తృప్తిపడి పచ్చ పట్టీ చూపిస్తుంది. దాన్ని మాకు చూపించి దీవెన కళ్ళెగరేసింది. "ఇది అన్నింట్లోనూ ఉంటుందండీ. ఉంది కదాని వాడక్కర్లేదు. నా భయమల్లా మన కమిటీలో అంతా మేష్టార్లే. ఇనస్పెక్షనంటే చాలు, గోడలకి సున్నం వేయించేస్తారు." రమణమూర్తి గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను.

పరీక్ష తప్పినప్పుడు తెర మీద కనిపించే మాటలను ఆమె తన సహజ భాషలోనే రాసేది. కంప్యూటరు కర్కశంగా అరవదు. "ఇక్కడ ఒత్తు జారిపోయిందండీ, ఒకసారి చూడండి." "ఈ వాక్యం మేష్టారు పంపించేరు, కాబట్టి తప్పు మనదే." ఇలా ఉండేవి. దోషాన్ని ఇంత మర్యాదగా చెప్పిన అధికారిని నేను నా ఉద్యోగకాలంలో చూడలేదు.

క్రమంగా ఆ లైబ్రరీని ఎక్కడెక్కడివాళ్ళో వాడుకోసాగారు. ఎవరో ఒకరు దోషం పట్టేవారు. పట్టీ ఎర్రబడేది. దీవెన దిద్దేది. మళ్ళీ పచ్చబడేది. నాగమణి పాఠాలు ముందు రోజే ఆమె వేళ్ళ కిందికి చేరేవి. ఒకసారి నేను రాజోలు వెళ్ళినప్పుడు ఆమె తరగతి బయట నిలబడి విన్నాను. పుట మీద వేళ్ళు పరుగెడుతుండగా, తల ఎత్తి, వెనక వరుసలో గుసగుసలాడుతున్నవాణ్ణి పేరు పెట్టి లేపి గద్దించింది. చేతిలో పాఠం ఉన్న ఉపాధ్యాయుని కంఠం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ కంఠం విన్నాను.

ఆరోగ్యం క్షీణించిన చివరి నెలల్లో దీవెన ఒక చిక్కుతో పోరాడుతూ ఉంది. బ్రెయిలీలో అంకెలకు ప్రత్యేకమైన చుక్కలు లేవు. అక్షరాల చుక్కలనే వాడి, ముందు ఒక గుర్తు చేరుస్తారు. ఆ గుర్తు ఉంటే అంకె, లేకపోతే అక్షరం. పట్టికలలో గడి మారినప్పుడు కొన్నిచోట్ల లైబ్రరీ ఆ గుర్తును జారవిడుస్తున్నదని నాగమణి కనిపెట్టింది. దీవెన ముందుగా ఆ దోషాన్ని పట్టి ఇచ్చే పరీక్షలు రాసింది. అది ఆమె పద్ధతి. తప్పు ఇదీ అని తేటతెల్లం చేసిన తరువాతే దిద్దుబాటుకు పూనుకునేది. పరీక్షలు రాయగానే పట్టీ ఎర్రబడింది. దిద్దుబాటు రాయడానికి ఆమెకు వ్యవధి దొరకలేదు. ఆసుపత్రి మంచం మీద నేను చూడబోయినప్పుడు, "ఎర్రగా ఉందని నాగమణికి తెలుసండీ. పట్టికలు పక్క టీచరుతో చదివించుకుంటోంది. ఫరవాలేదు, తొందరేం లేదు," అంది. నాకు ధైర్యం చెబుతున్నదనుకున్నాను. పని అప్పగిస్తున్నదని తోచలేదు.

ఆమెను ముక్తేశ్వరంలో, తండ్రి పక్కన, సమాధుల తోటలో ఉంచారు. చర్చివారి ఆదరణ కూడిక ముగిసిన తరువాత కళాశాలవారు సంస్మరణ సభ తలపెట్టారు. వేదిక మీద ఆమె చిత్రపటం, పక్కన తెర మీద ఆమె లైబ్రరీ మొదటి పుట చూపాలని నిశ్చయించారు. ఏర్పాట్లు చూడడానికి ముందు రోజు రమణమూర్తి గారూ నేనూ వెళ్ళాం. తెర వేసి చూస్తే పెద్ద అక్షరాలతో ఆమె పేరు, దాని కింద ఎర్రని పట్టీ.

"ఎర్రగా ఉందేంటండీ మేష్టారూ?" అన్నారు రమణమూర్తి గారు.

"ఆఖర్న రాసిన అంకెల పరీక్షలు. దిద్దకుండానే వెళ్ళిపోయింది."

"పూలదండ పక్కన ఎర్ర పట్టీ ఏం బాగుంటుందండీ? ఆవిడేదో తప్పు చేసి వదిలేసి పోయిందనుకోరూ, చూసినవాళ్ళు?"

"ఆ పరీక్షలని పక్కన పెట్టండి. ఒక్క రోజుకే. సభ అవగానే యథాస్థానంలో పెట్టేద్దాం," అన్నాను.

"ఆయ్, ఒక్క రోజుకే కదండీ."

నేను చెప్పాను, ఆయన టైపు చేశారు. పట్టీ పచ్చబడింది. ఆమె గౌరవం కాపాడామనే మేము నిజంగా నమ్మాం. ఆ క్షణంలో మా ఇద్దరికీ సున్నం మాట గుర్తు రాలేదు. మనసు ఎంత సులభంగా అలవాటైన తోవలో నడుస్తుందో!

సభ నిండుగా జరిగింది. నాగమణి నా పక్క కుర్చీలో కూర్చుంది. వక్తలు మాట్లాడుతుండగా నా వైపు వంగి, "తెర మీద ఏముందండీ మేష్టారండీ?" అని అడిగింది. "దీవెన పేరు ఉందమ్మా." "పట్టీ?" "పచ్చగా ఉందమ్మా," అన్నాను. ఆమె ముఖం విప్పారింది. "బాగుచేసేరన్నమాట," అనుకుంటూ రెండు చేతులూ జోడించింది. ఆ నమస్కారం ఎవరికో నేను అడగలేదు. చుట్టూ చప్పట్లు మోగుతున్నాయి. నేనూ చప్పట్లు కొట్టాను.

సభ అయింది. దూరప్రాంతాలవారు ఆ పచ్చని పుటను చూసి మాకు అభినందనలు పంపారు. దానిని మళ్ళీ ఎరుపుకు తిప్పడానికి చేయి రాలేదు. రేపు చేద్దామని ఒకరికొకరం చెప్పుకున్నాం. ఇంతలో ఒక మధ్యాహ్నం నాగమణి ఫోన్ చేసింది.

"మేష్టారండీ, నదుల పొడవుల పట్టిక ఉన్న పాఠం ప్రింటు తీసుకున్నానండీ. పచ్చగా ఉందన్నారు కదాని. గోదావరి పక్కన వేలు పెడితే అంకె రావాలి కదండీ, అక్షరాలొచ్చేయి. అదేదో ఊరి పేరనుకుని పైకి చదివేసేను. పిల్లలు నవ్వేరు."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"నేనూ నవ్వేననుకోండి. తర్వాత పుస్తకం మూసేసి నోటికొచ్చినంత చెప్పేనండీ. ఎరుపుంటే నాకేం ఇబ్బంది లేదండీ. ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. బాగుచేసినవాళ్ళెవరో ఎక్కడో పొరబడ్డట్టున్నారు. ఒకసారి చూడమంటారా?"

అప్పటికీ ఆమె మమ్మల్ని అనుమానించలేదు. ఎవరో దిద్దారనీ, దిద్దడంలో పొరబడ్డారనీ మాత్రమే అనుకుంటున్నది.

"ఎవరూ బాగుచెయ్యలేదమ్మా."

"మరి పచ్చ?"

"సభలో బాగుండదని ఆ పరీక్షలని పక్కన పెట్టేం. నేనే పెట్టమన్నాను."

దీవెన చెప్పిన కథ ఆమెకూ కంఠస్థమేనని నాకు అప్పుడు గుర్తు వచ్చింది. కోపం లేని కంఠంతో ఆమె, "ఓహో. ఎడం చేతులన్నమాటండీ," అంది.

నన్ను ఇంతవరకూ ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు.

మరునాడు రమణమూర్తి గారూ నేనూ బస్సులో ముమ్మిడివరం వెళ్ళాం. నా ఇంటి నుంచే దానిని సరిచేయవచ్చు. అయినా ఆమె బల్ల ముందు కూర్చునే చేయాలనిపించింది. దారిలో ఆయన హాస్యం ఒక్కటీ ఆడలేదు. ఏలియా ఎదురొచ్చి కుర్చీలు వేశాడు. బల్ల మీది కాగితాలూ తీగలూ ఆమె వదిలిన క్రమంలోనే ఉన్నాయి. మేము వచ్చిన పని చెప్పకముందే అతనే అన్నాడు: "రోజూ సాయంత్రం ఆవిడ నేర్పిన పరీక్షల కమాండు కొడుతున్నానండీ. ఆవిడ రాసిన మాటలొస్తాయి కదండీ, చదువుకుంటాను. సభ అయిన కాణ్ణించీ రావట్లేదండీ. అంతా సరిగ్గానే ఉందంటోంది. నేనేమన్నా పాడుచేసేనేమోనని మీకు ఫోను చెయ్యలేదండీ."

రమణమూర్తి గారు కిటికీ వైపు తిరిగిపోయారు. ఆ దోషాన్ని పట్టి ఇచ్చే పరీక్షలను మేము మూసివేసినప్పుడు నాగమణికి చేరవలసిన హెచ్చరికను మాత్రమే మూయలేదు. ఆ మాటల కోసం ఎదురుచూసే ఒక ఇంట్లో ఆమె కంఠాన్ని కూడా మూసివేశాం. ఆ మనిషి అది తన తప్పేమోనని ఇన్నాళ్ళూ బెంగపడ్డాడు.

"నువ్వేమీ పాడుచెయ్యలేదు నాయనా. మేం చేశాం," అని చెప్పి కుర్చీలో కూర్చున్నాను. పక్కన పెట్టమని రాయించిన మాటలను నా చేతితోనే ఒక్కొక్కటిగా తొలగించాను. నా వేళ్ళకు టైపు అలవాటు లేదు. వాళ్ళిద్దరూ వెనక నిలబడి ఓపిక పట్టారు. ముగిసిన తరువాత ఏలియాను పిలిచి, కమాండు నువ్వే కొట్టమన్నాను. కొట్టాడు. తెర ఎర్రబడింది. అక్షరాలు ఒక్కొక్క వరుసగా దిగాయి: "మేష్టారండీ, గడి మారినాక అంకె గుర్తు పోతోంది. నాగమణి వేలికి ఇది అక్షరంలా తగుల్తుంది. ఒకసారి చూడండి."

"ఆయ్, వచ్చేసిందండీ," అన్నాడు ఏలియా. ఆమె సంత నుంచి వచ్చి సంచీ గుమ్మంలో దించినట్లుగా అన్నాడు.

నాగమణికి అక్కడి నుంచే ఫోన్ చేసి, పట్టీ ఎర్రగా ఉందని చెప్పాను. "అలాగేనండీ," అని, "ఇప్పుడు నమ్మొచ్చన్నమాటండీ," అంది.

దీవెన వంటి వ్యక్తి మాకు మళ్ళీ లభించదు. ప్రజ్ఞ కలవారు ఉంటారు, పరిశ్రమ కలవారూ ఉంటారు. తన లోపాన్ని తన గుమ్మం మీదే నిలబెట్టి, దాని పక్కనే తన పేరు రాసుకుని, తల ఎత్తుకుని తిరిగినవారిని నేను మరొకరిని ఎరుగను. క్రమశిక్షణ నేర్పేవాణ్ణని జీవితమంతా గర్వించాను. లోపాన్ని కనబడనివ్వడం ఆ శిక్షణలోని మొదటి పాఠమని, బడిపిల్లగా ఉన్ననాడే ఆమె నా తరగతిలో నిలబడి చెప్పింది. నేను నల్లబల్ల వైపు తిరిగిపోయాను. మొన్న ఆమె చిత్రపటం ముందు కూడా తిరిగిపోయాను. ఈ సిగ్గును ఆమెకు పూలదండతో పాటు సమర్పించడం తప్ప నాకు వేరే నివాళి లేదు.

ఇది చదువుతున్నవారిలో కంప్యూటరు విద్య తెలిసినవారు ఉంటే ఒక విన్నపం. ఆ లైబ్రరీ వాకిలి తెరిచే ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషి కూర్చుకోవడానికి ఒక్క కమాండు చాలు. దీవెన కొలిచి ఎంచిన సాధనం మిమ్మల్ని తిట్టదు. ఎక్కడ దోషమో ఆమె మాటల్లోనే మర్యాదగా చెబుతుంది. కుడి చేయి ఎత్తగలవారు ఎక్కడో ఉన్నారనే నమ్ముతున్నాను. వారు వచ్చేవరకు ఆమె పేరు కింద ఎరుపు ఉంటుంది. ఏ సభకూ, ఏ అతిథికీ, ఏ దండకూ దానిని తుడవం.

మాకు రాదమ్మా, దీవెనా. అందుకే ఎడం చెయ్యి ఎత్తేం.